నిండిన బిడ్డ

ఆ యంత్రాన్ని ఏమీ అనకండి. దాని ముందు ఏ లెక్క పెడితే ఆ లెక్క ప్రకారం అచ్చు వేసింది. తప్పుడు లెక్క పెట్టిన మనుషులం మేము. అందులో నేనూ ఒకదాన్ని. అందుకే ఇంకెవరో రాసేదాకా ఆగకుండా ఈ సంగతి నేనే చెబుతున్నాను. మాటలో కోపం వినబడితే వినబడనివ్వండి. రెండేళ్లయినా అది తగ్గలేదు, తగ్గించుకోవాలనీ నాకు లేదు.

నా పేరు తిరపతమ్మ. మాది బాపట్ల. మూడో తరగతి మధ్యలో బడి మానేశాను. ఆ తర్వాత నా చదువంతా పసిపిల్లల ఒళ్ల మీదే సాగింది. యాభై రెండేళ్లుగా పసివాళ్లకు నీళ్లు పోస్తున్నాను. కాళ్లు రెండూ చాపి, పిల్లను పిక్కల మీద వేసుకుని, నూనె పట్టించి, నలుగు పెట్టి, వేడినీళ్లు చెంబుతో పోసి, తుడిచి సాంబ్రాణి పొగ వేస్తే ఆ పిల్ల మూడు గంటలు కదలకుండా నిద్రపోవాలి. అదీ నా పని. ఒకసారి నా కాళ్ల మీద పడుకున్న బిడ్డను మరిచిపోవడం నాకు చేతకాదు. ఎవరి వీపు మీద ఎంత నూగుండేదో, ఏ పిల్లాడికి ఎడమ కాలి చిటికెన వేలు లోపలికి తిరిగుండేదో, వాళ్లు పెళ్లిళ్లయి తమ పిల్లల్ని నా దగ్గరకు తెచ్చుకున్నా సరే, చెప్పగలను.

నెలలు నిండిన బిడ్డ ఎవరో, నిండని బిడ్డ ఎవరో తెలుసుకోవడానికి నాకు కాగితం అక్కర్లేదు. చెవి దొప్పను మధ్యకు మడిచి వదిలితే, నిండిన బిడ్డ చెవి టక్కున లేస్తుంది. నిండని బిడ్డ చెవి తడిగుడ్డలాగా మడతలోనే ఉండిపోతుంది. అరికాలు తిప్పి చూస్తే నిండిన బిడ్డకు మడమ దాకా గీతలుంటాయి. నిండని బిడ్డకు వేళ్ల కింద రెండు గీతలు, మిగతాదంతా గాజుబిళ్లలా నున్నగా ఉంటుంది. పెద్ద విద్యేమీ కాదు. వేల మందిని చూస్తే ఎవరికైనా వస్తుంది.

నా కూతురు పద్మజకు ఒక్కతే పిల్ల, దీక్షిత. దాన్ని తెనాలిలో ఇచ్చాం. దాని మామగారు వీరరాఘవులు బస్టాండులో టైమ్ కీపరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఏ బస్సు ఏ నిమిషానికి కదిలిందో ముప్పై ఏళ్లు పుస్తకంలో రాసి రాసి, లోకంలో ప్రతిదీ నిమిషం తప్పకుండా కదలాలని ఆయన నమ్మకం. చెడ్డవాడు కాదు. కోడలికి ఏడో నెలలో కాళ్లు వాస్తే వేడినీళ్ల బకెట్టు తనే మోసుకొచ్చి పెట్టాడు. అదే చేత్తో పంచాంగమూ తెచ్చాడు.

నెలలు నిండే వారంలో జ్యేష్ఠా మూలా పడుతున్నాయన్నాడు. ఆ ముందు రోజుల్లో లగ్నం కుదరడం లేదన్నాడు. మాఘ శుద్ధ ద్వాదశి, పునర్వసు నక్షత్రం, ఉదయం తొమ్మిది ఇరవై రెండు, ఇదీ ఆయన ఎంచిన బండి. ఆ వేళకు దీక్షితకు ఎనిమిదో నెల నడుస్తూ ఉంటుంది.

అప్పటికి కొత్త నిబంధన వచ్చి ఉంది. కారణం లేకుండా ముప్పై ఎనిమిది వారాల లోపల కాన్పుకు కోత పెట్టకూడదు. ఆసుపత్రి కంప్యూటరులో వారాలు తక్కువుంటే ఆపరేషన్ గది తలుపు తెరుచుకోదట. ఎంత మంచి నిబంధనో చూడండి. దాన్ని దాటడానికి మా డాక్టరమ్మకు పట్టింది ఒక్క నిమిషం. దీక్షిత చివరిసారి బయటున్న తేదీని ఇరవై రెండు రోజులు వెనక్కి జరిపి రాసింది. నిజం వారాలు తెలిపే మూడో నెల స్కాను కాగితాన్ని ఫైలులోంచి తీసి రాఘవులు చేతిలో పెట్టింది. ఆ నర్సింగ్ హోమ్ పేరు నేను చెప్పను. చెబితే ఆ ఒక్కచోటే ఇలా జరిగిందనుకుంటారు.

దీక్షిత సంతకం పెట్టే ముందు నా వైపు చూసింది.

"ఏం కాదు గదా అమ్మమ్మా?"

నేను ఏడో నెల పిల్లల్ని కూడా దూదిలో చుట్టి బతికించిన దాన్ని. ఆ గర్వం నా నాలుక మీద కూర్చుంది. "ఏం కాదులే, పెట్టు" అన్నాను.

పిల్ల తొమ్మిది ఇరవై రెండుకే పుట్టింది. రాఘవులు వాచీ చూసి మురిసిపోయాడు. పదకొండో రోజున పిల్లను మొదటిసారి నా కాళ్ల మీద వేశారు. నూనె రాస్తూ చెవి మడిచాను. అది మడతలోనే ఉండిపోయింది. అరికాలు చూశాను, నున్నగా ఉంది. "పద్మా, దీనికి ఎనిమిదో నెల కూడా నిండలేదే" అన్నాను. పక్కగదిలో దీక్షిత అత్తగారు జాతకం కాగితానికి పసుపు రాస్తోంది. పద్మజ నా చేతిలో చెంబు లాక్కుని, నోరు మూసుకోమని కళ్లతోనే చెప్పింది. నేను ఆ చెవిని వేలితో సరిచేసి, నోరు మూసుకున్నాను.

రెండో నెలలో గురగుర మొదలైంది. పిల్లను వెల్లకిలా వేసి పొట్టకు నూనె రాస్తుంటే గొంతులో పిల్లి కూర్చున్నట్టు చప్పుడు. బోర్లా వేయగానే ఆగిపోయేది. జలుబని ఇంట్లో అందరూ అన్నారు. జలుబు బోర్లా వేస్తే పోదు. పాలు తాగుతూ ఒకరోజు పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. దాన్ని బోర్లా నా ముంజేతి మీద వేసుకునే గుంటూరు తీసుకెళ్లాం.

ఊపిరి గొట్టం మెత్తగా ఉందన్నారు. మనం ఊపిరి వదిలినప్పుడల్లా ఆ గొట్టం తెరుచుకునే ఉండాలి. మా పిల్లది బొప్పాయి ఆకు కాడ ఎండిపోయినట్టు చదునుగా అతుక్కుంటోంది. మందు లేదు. దానికి తొడుగు అచ్చు వేస్తారు.

ఆ అచ్చుగది ఆసుపత్రి మూడో అంతస్తులో ఉంది. దాన్ని నడిపే ఆవిడ మెహరున్నీసా, అందరూ మెహర్ మేడం అంటారు. నలభై లోపు మనిషి, జుట్టంతా గుడ్డలో కట్టుకుని, చెప్పులు బయట విడిచి నడుస్తుంది. నాకా గది చూస్తే మా ఊళ్లో జంతికల గొట్టం గుర్తొచ్చింది. సన్నటి సూదిలోంచి పాల రంగు జిగురు దారంలా వస్తూ, పొర మీద పొర పడుతూ, తొమ్మిది గంటల్లో ఒక తొడుగవుతుంది. నా బొటనవేలి గోరు మీద నిలబడేంత చిన్నది. పక్కటెముకల్లా గీతలు. దాన్ని పిల్ల ఛాతీ తెరిచి, ఊపిరి గొట్టం చుట్టూ తొడిగి, గొట్టం గోడలను దానికి కుట్టేస్తారు. గొట్టం ఇక అతుక్కోదు.

"మరి పిల్ల పెరుగుతుంది గదమ్మా, అది బిగుసుకుపోదూ?" అని అడిగాను.

మెహర్ మేడం నవ్వింది. అంతవరకు ఎవరూ ఆ మాట అడగలేదట. తొడుగుకు మూడు కట్లు ఉన్నాయని చూపించింది. ఒక్కో కట్టు ఒక్కో వేళకు ఒంట్లోనే కరిగి తెగిపోతుంది. తెగినప్పుడల్లా తొడుగు కొంచెం విచ్చుకుని గొట్టం పెరగడానికి చోటిస్తుంది. మూడేళ్లకు తొడుగే ఉండదు, పిల్ల గొట్టం అప్పటికి గట్టిపడి తన కాళ్ల మీద తను నిలబడుతుంది. కట్టు ఆలస్యంగా తెగితే గొట్టాన్ని నొక్కేస్తుంది. ముందే తెగితే మెత్తని గొట్టం మళ్లీ కూలిపోతుంది. ఏ కట్టు ఎప్పుడు తెగాలో యంత్రం లెక్కవేస్తుంది. కడుపులో పడ్డ రోజు నుంచి వారాలు లెక్కపెట్టుకుని వేస్తుంది, పుట్టిన రోజు నుంచి కాదు.

"ఎన్ని వారాలకు పుట్టింది?" అంది.

"ముప్పై ఎనిమిది" అన్నాడు రాఘవులు. టైము చెప్పినట్టే చెప్పాడు.

మెహర్ మేడం రాసుకుని, ఎందుకో నా వైపు తిరిగింది. "మీరు పిల్లలకు నీళ్లు పోస్తారట గదా అమ్మమ్మగారూ. మీ చేతికి ఏం తెలిసింది? నిండిన బిడ్డేనా?"

చూశారా. అంత చదువుకున్న మనిషి నా చేతిని అడిగింది. యాభై ఏళ్లలో ఏ డాక్టరూ నన్ను అడగని మాట అది. దీక్షిత తల దించుకుని ఉంది. అది బతకాల్సింది ఆ ఇంట్లో. రాఘవులు నా మొహంలోకే చూస్తున్నాడు. మూడు వారాల తేడాకు ఏమవుతుందిలే అనుకున్నాను. వారాల మీదే లెక్క అని ఆవిడ అప్పుడే, నా కళ్ల ముందే చెప్పింది. నాకు అర్థం కాలేదని అనలేను. అర్థమైంది.

"నిండిన బిడ్డేనమ్మా" అన్నాను.

తొడుగు వేశారు. పది రోజులకు గురగుర పోయింది. ఇంటికొచ్చాం. పిల్లకు ఆద్య అని పేరు పెట్టారు, నేను చిట్టి అనే పిలిచేదాన్ని. ఛాతీ మీద కుట్ల గీత ఆరాక మళ్లీ నీళ్లు పోయడం మొదలుపెట్టాను. వెల్లకిలా వేసినా ఊపిరి చప్పుడు లేకుండా ఆడేది. చెంబు చప్పుడు వింటే కాళ్లు తన్నేది. నీళ్లు మొహాన పడితే ఒక్క కేక పెట్టేది, వీధి చివర టీ కొట్టు దాకా వినబడేంత కేక. ఆ కేక గుర్తు పెట్టుకోండి.

ఐదో నెల ఒక గురువారం, పొద్దున పదింటికి, నలుగు పెడుతుంటే పిల్ల ఉన్నట్టుండి నా చేతుల్లో బిగుసుకుంది. నోరు తెరిచింది, గాలి వెళ్లలేదు. మెడ కింద గుంట లోపలికి పడిపోయింది. మొహం నల్లబడింది. బోర్లా వేశాను. ఈసారి బోర్లా వేసినా తేరుకోలేదు. ముంజేతి మీద తల కిందికి దించి, దవడ ముందుకు పట్టుకుంటే సన్నగా గాలి ఆడింది. అలాగే, ఒళ్లంతా నలుగు పిండితోనే, ఆ దవడ వదలకుండా గుంటూరు దాకా పట్టుకున్నాను. నా వేలు ఆ తర్వాత నెల రోజులు వంగలేదు.

మొదటి కట్టు ముందే తెగింది. పిల్ల గొంతులోకి గొట్టం వేసి, యంత్రంతో ఊపిరి పోస్తున్నారు. నాలుగు రోజుల కంటే అలా ఉంచలేమని, ఊపిరితిత్తులకు అప్పుడే నెమ్ము చేరుతోందని చెప్పారు. కొత్త తొడుగు అచ్చు వేయాలి. మళ్లీ ఛాతీ తెరవాలి. మూడోసారి తెరిచే ఓపిక ఆ ఒంట్లో లేదు. ఈసారి వేసింది సరిగ్గా ఉండి తీరాలి.

మర్నాడు ఉదయం మమ్మల్ని అచ్చుగదిలోకి పిలిచారు. నేను, దీక్షిత, రాఘవులు. మెహర్ మేడం కళ్లు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీద గాజు గిన్నెల్లో పాత తొడుగుల ముక్కలు వరసగా పెట్టి ఉన్నాయి. మూడు వందల పన్నెండు మంది పిల్లలకు వేశామనీ, పదకొండు మందికి ఇలాగే కట్టు ముందుగా తెగిందనీ, మా పిల్ల పన్నెండో మనిషనీ చెప్పింది. ఆ పదకొండులో ఇద్దరు దక్కలేదట. జిగురులో లోపముందని ఏడాదిగా డబ్బాలకు డబ్బాలు పారబోస్తోందట. ఎన్ని పారబోసినా లోపం దొరకలేదట.

"ఎక్కడ తప్పు చేశానో నాకు తెలీట్లేదు" అంది. మాతో కాదు, ఆ గిన్నెలతో.

రాఘవులు సంచిలో చెయ్యి పెట్టి పంచాంగం తీశాడు. రేపటి ఆపరేషనుకు ఏ వేళ మంచిదో చూసి చెబుతానన్నాడు.

అప్పుడు నాలో ఏదో తెగింది. నేను ఆ మనిషి మీద అరిచాననుకుంటారేమో. అరవలేదు. మెహర్ మేడం ముందుకెళ్లి నిలబడ్డాను.

"నేను నీకు అబద్ధం చెప్పానమ్మా. అది నిండిన బిడ్డ కాదు. ఎనిమిదో నెల నడుస్తుండగా కోసి తీశారు. మొదట నీళ్లు పోసిన రోజే చెవి మడిస్తే లేవలా. అరికాలు సగం నున్నగా ఉంది. నాకు తెలుసు. తెలిసే అన్నా."

దీక్షిత గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. రాఘవులు మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"పెద్దావిడ, కంగారులో ఏదో అంటంది మేడం. పేపర్లో ముప్పై ఎనిమిది అనే ఉంది గదా."

"పేపరు కాల్చు రాఘవులు బాబూ" అన్నాను. "నీ బండి టైముకు బయలుదేరింది. లోపల మనిషి ఎక్కిందో లేదో చూసుకున్నావా?"

దీక్షిత కింద నుంచే అంది, "మామయ్యా, ఆ స్కాన్ కాగితం మీ బీరువాలో ఉంది." పెళ్లయ్యాక ఆ పిల్ల ఆయన ముందు అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. మొగుడికి ఫోను చేసి, బీరువా తెరిపించి, కాగితాన్ని ఫోటో తీయించి తెప్పించింది. దాని ప్రకారం లెక్కేస్తే, పుట్టిన రోజుకు పిల్లకు ముప్పై అయిదు వారాలకు ఒక రోజు తక్కువ.

మెహర్ మేడం మమ్మల్ని తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ నెమ్మదిగా కుర్చీలో కూర్చుని, ఆ పదకొండు మంది పేర్లున్న కాగితం నా ముందుకు జరిపింది. "వీళ్లలో మీరు నీళ్లు పోసినవాళ్లు ఉన్నారా?"

బడిలో నేర్చిన అక్షరాలు నాకు ఏనాడో పోయాయి. ఆవిడ చదివింది, నేను విన్నాను. బాపట్ల పిల్లలు ముగ్గురు, రేపల్లె నుంచి కాన్పుకు మా ఊరొచ్చిన ఝాన్సీ కొడుకు ఒకడు. నలుగురూ నా కాళ్ల మీద పడుకున్నవాళ్లే. నలుగురి చెవులూ నాకు గుర్తే. ఒక్కటీ లేవలేదు. నలుగురి ఇళ్లలోనూ నేను నోరు మూసుకునే వచ్చాను.

"వీళ్లు పుట్టిన తేదీలు చదవమ్మా" అన్నాను. చదివింది. "రాఘవులు బాబూ, నీ పుస్తకంలో చూడు."

ఆయన సంచిలో మూడేళ్ల పంచాంగాలుంటాయి. మొదట కదల్లేదు. మెహర్ మేడం తేదీ మళ్లీ చదివింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని పేజీ తిప్పాడు. పునర్వసు, దశమి, మంచి లగ్నం అన్నాడు. రెండోది అనూరాధ, త్రయోదశి. మూడోది మళ్లీ పునర్వసు. ఐదో తేదీకి ఆయన గొంతు తగ్గింది. పదకొండింటిలో పది, పంచాంగం చూసి పెట్టిన వేళలే. బస్సు ప్రమాదంలో పోయినవాళ్ల పేర్లు చదివే మనిషిలా చివరిదాకా చదివి, కళ్లజోడు తీసి, పంచాంగాలు మూడూ బల్ల మీద వదిలేసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అందరి కాగితాల్లోనూ ముప్పై ఎనిమిదే ఉంది. ఒక్క రోజు తేడా లేకుండా ముప్పై ఎనిమిది.

ఇప్పుడు మా చిట్టికి సరైన వారాలు వేసి అచ్చు తీయొచ్చు గదా అన్నాను. మెహర్ మేడం తల అడ్డంగా ఊపింది. యంత్రం ఏ వయసులో గొట్టం ఎంత గట్టిపడుతుందో ఈ పిల్లల కాగితాలు చూసే నేర్చుకుందట. ముప్పై అయిదు వారాల బిడ్డను చూపించి ముప్పై ఎనిమిది అని చెబితే, ముప్పై ఎనిమిది వారాల బిడ్డ అలాగే ఉంటుందని నేర్చుకుంది. దానికి ఇప్పుడు నిజం చెప్పినా తప్పుడు కట్టే వేస్తుంది. ఆ లెక్క సరిచేయాలంటే, కట్టు ఎప్పుడు తెగి గొట్టం ఎప్పుడు కూలిందో తెలిసిన ఈ పదకొండు మంది నిజం వారాలు కావాలి. సాయంత్రం నాలుగింటికి అచ్చు మొదలైతేనే మర్నాటి ఆపరేషనుకు అందుతుంది. అప్పటికి పొద్దున పదకొండు గంటలు దాటింది.

మెహర్ మేడం ఫోను తీసింది. మొదటి ఇంటివాళ్లు నిండిన బిడ్డేనని చెప్పి పెట్టేశారు. రెండో ఇంటివాళ్లు లాయరుతో మాట్లాడమన్నారు. మూడో ఫోను నేను లాక్కున్నాను.

ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. అవతల ఆడగొంతు, "మావాడు నిండిన బిడ్డేనండీ, పేపరుంది" అంది.

"నేనూ అదే అన్నానమ్మా" అన్నాను. "నా మనవరాలి కూతురు లోపల గొట్టం పెట్టుకుని పడుంది. ఇప్పుడు చెప్పు."

ఆవిడ నెమ్మదిగా, ముప్పై ఆరు అంది. అట్లా ఒక్కొక్కరూ. ఒకావిడ చెప్పి ఏడ్చింది. ఒకావిడ నన్ను నోటికొచ్చినట్టు తిట్టి, పెట్టేసి, పావుగంటకు తనే ఫోను చేసి చెప్పింది. ఒకాయన అసలు ఇది ఎవరి పన్నాగమని అడుగుతుంటే, వెనక నుంచి ఆయన భార్య అరిచింది, ముప్పై అయిదు, రాసుకోండి అని. మొదట పెట్టేసిన ఇంటికి నేనే మళ్లీ చేస్తే, ఈసారి చెప్పారు. లాయరు పేరు చెప్పిన ఇంటికి దీక్షిత ఫోను చేసింది. అదేం మాట్లాడిందో నాకు తెలియదు, వరండాలోకి వెళ్లి మాట్లాడింది. తిరిగొచ్చి అంకె చెప్పింది.

దక్కని ఇద్దరు పిల్లల ఇళ్లు చివరికి మిగిలాయి. ఒక తండ్రి ఫోను ఎత్తలేదు. ఝాన్సీ ఎత్తింది. నా గొంతు వినగానే, "పిన్నీ, బాగున్నావా?" అంది. ఆ పిల్లాడికి కుడి చెవి వెనక కందిగింజంత మచ్చ ఉండేది. రెండు నెలలు నా కాళ్ల మీద పడుకున్నాడు.

విషయం చెప్పాను. నిండిన బిడ్డే పిన్నీ అంది, అలవాటుగా. నేనూ అదే అన్నాను తల్లీ అన్నాను. అప్పుడు అడిగింది.

"అంటే, అప్పుడే నిజం చెప్పుంటే మావాడు బతికేవాడా?"

మెహర్ మేడం నా మొహం చూస్తోంది. దీక్షిత చూస్తోంది. రాఘవులు గోడ వైపు నుంచి తిరిగాడు. ఏమో తల్లీ, ఎవరు చెప్పగలరు అనొచ్చు. అందరూ అదే అంటారు, నేనూ ఎన్నో ఇళ్లలో అన్నాను. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"బతికేవాడేమోనమ్మా" అన్నాను. "నాకూ తెలుసు వాడు నిండలేదని. నీళ్లు పోసి, నోరు మూసుకుని వచ్చా."

ఫోను పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. "ముప్పై నాలుగు వారాల రెండు రోజులు" అంది. "తొందరగా వేయమనండి ఆ పిల్లకు." అప్పుడు పెట్టేసింది.

పదకొండు అంకెల్లో పది దొరికాయి. నాలుగుకు ఇరవై నిమిషాల ముందు మెహర్ మేడం లెక్క మార్చింది. సూది కదలడం మొదలుపెట్టింది. రాఘవులు అలవాటుగా వాచీ చూసి, చూసినందుకు సిగ్గుపడి, వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు.

చిట్టి బతికింది. ఇప్పుడు రెండున్నరేళ్లు. రెండు కట్లు వాటి వేళకే తెగాయి. గడపలు దాటి పరుగెడుతుంది, వాళ్ల తాత మీసం పట్టి లాగుతుంది. కానీ రెండోసారి ఛాతీ తెరిచినప్పుడు, అతుక్కుపోయిన కండల మధ్య గొంతుకు వెళ్లే నరం దెబ్బతింది. ఏడుపు వస్తే నోరు తెరుస్తుంది, పొట్ట ఎగిరెగిరి పడుతుంది, కన్నీళ్లు కారతాయి, చప్పుడు రాదు. నవ్వినా అంతే. పక్కగదిలో పడిపోతే మాకు తెలియదు. అందుకని కాలికి మువ్వలు కట్టాం. టీ కొట్టు దాకా వినబడిన ఆ కేక నాలుగు నెలలు ఉంది, పోయింది. దాన్ని ఏ యంత్రమూ అచ్చు వేయలేదు.

ఆ నర్సింగ్ హోమ్ మీద విచారణ పెట్టారు. రాఘవులు వెళ్లి, స్కాను కాగితం ఇచ్చి, తన పేరుతో సహా అంతా చెప్పి వచ్చాడు. డాక్టరమ్మ మూడు నెలలు తలుపులు మూసి, మళ్లీ తెరిచింది. మొన్న మాఘ మాసంలో ఆ మెట్ల మీద నిలబడటానికి చోటు లేదట. మెహర్ మేడం యంత్రం దగ్గర మాత్రం ఇప్పుడు కాగితం ఒక్కదాన్నే నమ్మరు. పిల్లకు మొదట నీళ్లు పోసిన మనిషిని పిలిచి అడుగుతారు. రమ్మంటే చాలామంది రారు. వచ్చినవాళ్లూ ఇంటివాళ్ల మొహం చూసి చెబుతారు. ఎందుకో నాకు తెలుసు, అందుకే వాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది.

నన్ను పిలిచే ఇళ్లు సగానికి సగం తగ్గాయి. తిరపతమ్మ నోరు మంచిది కాదని చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీండి.

పోయిన వారం చీరాల నుంచి పిలుపొచ్చింది. పెద్ద ఇల్లు, మగపిల్లాడు, పదకొండో రోజు. గోడకు జాతకం ఫ్రేము కట్టించి పెట్టారు. బామ్మగారు ఎదురొచ్చి, మంచి వేళకు పుట్టాడు పిన్నీ, నిండిన బిడ్డ అంది, నేను అడగకుండానే. కాళ్లు చాపుకుని కూర్చున్నాను. పిల్లాడిని వేశారు. అరచేతిలో నూనె వెచ్చచేసుకుని ముందు చెవి పట్టుకున్నాను. మడిచాను, వదిలాను.

లేవలేదు.

తల్లి గుమ్మంలో నిలబడి నా చేతి వైపే చూస్తోంది. నేను చెంబు పక్కన పెట్టాను.

"వీడు నిండిన బిడ్డ కాదు. వీణ్ని కోసి తీసిన డాక్టరు నంబరు ఎవరి దగ్గరుంది?" అన్నాను. "ఫోను ఇటు తే అమ్మా."